గ్రోత్ హార్మోన్‌కి ఏది మేలు: నిద్రా, కసరత్తా, ఉపవాసమా?

జిమ్‌కి వెళ్ళే కుర్రాళ్ళు, ఎత్తు పెరగని పిల్లలున్న తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. నన్నడిగితే ముందు నిద్ర, ఆ తర్వాత కసరత్తు. కేవలం ఈ హార్మోన్ కోసమే ఉపవాసం ఉంటానంటే మాత్రం వద్దనే చెప్తాను.

మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి ఎదుగుదలని నడిపే ఈ హార్మోన్‌ని విడతలు విడతలుగా వదులుతుంది. రక్తంలోకి వచ్చింది సుమారు 20 నిమిషాలకే సగమైపోతుంది, అందుకే ఏదో ఒక పూట ల్యాబ్‌కి వెళ్ళి రక్తమిచ్చి "నాకు తక్కువుంది" అని టెన్షన్ పడటంలో అర్థం లేదు. డాక్టర్లు మామూలుగా చూసేది ఐజీఎఫ్-1, అంటే ఈ హార్మోన్ చెప్తే కాలేయం తయారుచేసే, ఎదుగుదల పని చేయించే ఇంకో హార్మోన్.

నిద్ర సంగతికొస్తే, రోజు మొత్తంలో అతి పెద్ద విడత పడుకున్న తొలి గంటల్లో, గాఢనిద్ర పట్టినప్పుడు వస్తుంది. మగవాళ్ళలో రోజువారీ హార్మోన్‌లో ఎక్కువ భాగం అప్పుడే. ఆడవాళ్ళలో పగటి విడతలు కూడా బాగానే ఉంటాయి. 2000లో 149 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ మీద వచ్చిన ఒక పరిశోధనలో, పాతికేళ్ళలోపు వాళ్ళకి నిద్రలో దాదాపు 19 శాతం గాఢనిద్ర ఉంటే, నడివయసు వాళ్ళకి అది 3.4 శాతానికి పడిపోయింది, దాంతోపాటే గ్రోత్ హార్మోన్ కూడా. ముప్పై అయిదు దాటగానే ఒళ్ళు మునుపటిలా కోలుకోవట్లేదనే వాళ్ళు పౌడర్ డబ్బాల కన్నా ముందు దీని గురించి ఆలోచించాలి. ఒక్క రాత్రి నిద్ర లేకపోయినంత మాత్రాన కొంపలేం మునగవు, శరీరం పగటిపూట విడతలతో చాలావరకు సర్దుకుంటుంది. కానీ మందు తాగి పడుకుంటే, నిద్ర బాగా పట్టినట్టే అనిపించినా, ఆ రాత్రి హార్మోన్‌కి గట్టి దెబ్బే.

కసరత్తుతో కూడా పెరుగుతుంది, కానీ ఫోన్ మాట్లాడుకుంటూ పార్కులో రెండు రౌండ్లు వేస్తే పెద్దగా రాదు. మాట్లాడటం కష్టమయ్యేంత తీవ్రతతో కనీసం పది నిమిషాలు చెయ్యాలి. లేదా స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్స్ లాంటి బరువులతో చేసే కసరత్తులు మధ్యలో తక్కువ విశ్రాంతితో చెయ్యాలి. సైకిల్ మీద 30 సెకన్లు ప్రాణం పెట్టి తొక్కినా గంటకు పైగా పెరిగే ఉంటుంది. అయితే జిమ్‌లో ఎవరూ చెప్పని మాట ఒకటుంది: కండ పెరిగేది ఆ కాసేపటి పెరుగుదల వల్ల అనడానికి సరైన ఆధారం లేదు, ఎత్తిన బరువుల వల్ల, తిన్న ప్రొటీన్ వల్ల పెరుగుతుంది. మరి కసరత్తుకి రెండో స్థానం ఎందుకిచ్చానంటే, పొట్ట కొవ్వే ఈ హార్మోన్‌ని అణిచిపెడుతుంది కాబట్టి, ఆ కొవ్వు కరిగించడం అసలైన లాభం.

ఇక తిండి. రెండు రోజులు ఏమీ తినకపోతే గ్రోత్ హార్మోన్ అయిదు రెట్ల దాకా పెరుగుతుంది, నిజమే. యూట్యూబ్‌లో అంతవరకే చెప్తారు. అదే సమయంలో కాలేయం దాని మాట వినడం మానేస్తుంది, ఐజీఎఫ్-1 తగ్గుతుంది. కొవ్వుని కరిగించి కండని కాపాడుకోవడానికి శరీరం చేసుకునే ఏర్పాటు అది, ఎదుగుదలకి పనికిరాదు. ఎదిగే పిల్లల్ని పస్తు పెడితే ఎదుగుదల కుంటుపడుతుంది తప్ప ఎత్తు పెరగరు. చక్కెర దీన్ని కాసేపు తగ్గిస్తుంది, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించినా తగ్గకపోతే హార్మోన్ అతిగా తయారయ్యే జబ్బుందని డాక్టర్లు అనుమానిస్తారు. మామూలు మనుషుల్లో కొన్ని గంటలకి మళ్ళీ పెరుగుతుంది, కాబట్టి అన్నం మానెయ్యాల్సిన పని లేదు.

గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్ల దారి మాత్రం వద్దే వద్దు. డాక్టర్ రాయకుండా వేసుకుంటే ఒంట్లో నీరు చేరడం, కీళ్ళనొప్పులు, షుగర్ పెరగడం లాంటి ప్రమాదాలున్నాయి. ఎముకల చివర్లలో ఎదిగే భాగం మూసుకుపోయాక ఎత్తు కూడా పెరగదు. పిల్లల విషయంలో అయితే ఆర్నెల్లకోసారి గోడకి నిలబెట్టి గీత పెట్టండి. బడికెళ్ళే వయసులో ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగట్లేదంటే ఆలస్యం చెయ్యకుండా పిల్లల హార్మోన్ల డాక్టర్‌కి చూపించండి.