అరకులో మూడు రాత్రులు, భీమిలిలో ఒకటి: బస మార్చడం ఏ లెక్కన మేలు?

నాలుగు రాత్రుల సెలవు దొరికితే విజయనగరం ఇళ్ళలో మొదటి పేచీ కొండకా, సముద్రానికా అని. సరే, రెండూ చూద్దాం అనుకున్నాక అసలు పేచీ మొదలవుతుంది. అరకులో రెండు, భీమిలిలో రెండు అని పంచుకుందామా, లేక ఒక్కచోటే దిగి అక్కణ్ణుంచి తిరుగుదామా? మా అత్తగారు మాత్రం దీన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తారు: "ఏటమ్మా, మల్లీ సామాన్లు సర్దాలా?" ఆవిడ మాటలో న్యాయం ఉంది. రిసార్ట్ మారడమంటే గది మారడం ఒక్కటే కాదు, సెలవులో దాదాపు ఒక పగలు దాని కిందే పోతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. మూడు రాత్రులే ఉంటే బస మార్చకండి. నాలుగు ఉంటే మార్చండి, కానీ సగం సగం కాదు. మూడు కొండ మీద, ఆఖరిది సముద్రం దగ్గర.

మారే రోజు ఎలా గడుస్తుందో ఒకసారి ఊహించండి. అరకులో పదింటికో పదకొండింటికో గది ఖాళీ చేయాలి. అంటే తొమ్మిదికల్లా టిఫిన్లు ముగించి, పెట్టెలు తెరవాలి. ఒక సాక్సు మంచం కింద ఉంటుంది, ఫోన్ ఛార్జరు గోడకే వేలాడుతుంటుంది, పెద్దావిడ బీపీ మాత్రల డబ్బా బాత్రూం అద్దం ముందు ఉంటుంది. రాత్రి ఆరేసిన తువ్వాళ్ళు ఆ చలికి ఆరవు, వాటిని ప్లాస్టిక్ కవరులో మూట కట్టాలి. తర్వాత అనంతగిరి ఘాట్ దిగి, ఎస్.కోట (శృంగవరపుకోట), విజయనగరం మీదుగా భీమిలి చేరాలి. దూరం దాదాపు 120 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకపోతే నాలుగు గంటలు. మలుపుల్లో పిల్లలకి కడుపులో తిప్పిందా, అయిదు. భీమిలిలో మధ్యాహ్నం రెండు దాటందే గది ఇవ్వరనుకున్నా నష్టం లేదు, మనం ఎలాగూ అంతకు ముందు చేరం. ఆ రోజు లెక్కలో మిగిలేది ఒక సాయంత్రం.

ఇక్కడ మన ఊరివాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, ఒక గండం కూడా ఉంది. దారిలో మన ఇల్లే తగులుతుంది. స్వెటర్లు, దుప్పట్లు, మాసిన బట్టలు అక్కడ పడేసి, సముద్రం బట్టలు పట్టుకుని వెళ్ళొచ్చు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకి ఈ వీలు లేదు, ఉన్న సామానంతా మోసుకునే తిరగాలి. గండమేమిటంటే, గడప దాటి లోపలికి వెళ్తే సగం మంది మళ్ళీ బయటికి రారు. పెద్దవాళ్ళు "కాసేపు నడుం వాలుస్తాను" అంటారు, పిల్లలు టీవీ పెడతారు, మగవాళ్ళకి ఏదో ఫోన్ వస్తుంది. అందుకే మా ఇంట్లో ఒక్కరే దిగి సంచీలు మార్చుకొస్తారు, కారు ఇంజను ఆపరు.

ఇప్పుడు ఒక్కచోటే ఉండడం సంగతి. నాలుగు రాత్రులూ అరకులోనే అంటే మొదటి మూడు రోజులూ బాగా గడుస్తాయి. వెళ్ళిన రోజు సాయంత్రం గిరిజన మ్యూజియం. మర్నాడు బొర్రా గుహలు, కటికి జలపాతం, అనంతగిరి కాఫీ తోటలు. ఆ మర్నాడు పద్మాపురం తోట, డుంబ్రిగుడ వైపు చాపరాయి జలపాతం, సాయంత్రం బొంగు చికెన్, ఎక్కడైనా గిరిజనుల థింసా నృత్యం ఆడుతుంటే అది. నవంబరు, డిసెంబరుల్లో అయితే దారి పొడుగునా వలిసె పూల పసుపు. నాలుగో రోజుకి పిల్లలు "మళ్ళీ కొండేనా" అంటారు, పెద్దవాళ్ళు చలికి గది వదలరు. బొర్రాలో మెట్లు చాలా ఎక్కి దిగాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఆ ఒక్క పూట చాలు, తర్వాత రెండు రోజులు విశ్రాంతి కావాలి. అరకు మూడు రాత్రులకి సరిపోయే ఊరు. నాలుగోది కాఫీ తాగుతూ కూర్చునేవాళ్ళకి బాగుంటుంది, పిల్లలున్న సంసారానికి కాదు.

నాలుగు రాత్రులూ భీమిలిలోనే అంటే విజయనగరం మనిషి ముందు అడిగేది: పాతిక కిలోమీటర్ల దూరానికి గది ఎందుకు? సాయంత్రం వెళ్ళి అలల్లో కాళ్ళు తడుపుకుని, మొక్కజొన్న పొత్తు తిని రాత్రి భోజనానికి ఇంటికొచ్చే చోటు అది. డచ్చివాళ్ళ పాత సమాధులు, లైట్‌హౌస్, పావురాళ్ళకొండ బౌద్ధ శిథిలాలు, విశాఖ వైపు ఎర్రమట్టి దిబ్బలు, ఇంకాస్త ముందుకెళ్తే తొట్లకొండ. అన్నీ కలిపి ఒకటిన్నర రోజు పని. మిగతాదంతా ఈత కొలను, నిద్ర, తిండి. చంటిపిల్లలున్నవాళ్ళకి, ఘాట్ రోడ్డు పడనివాళ్ళకి అదే కావాలి కాబట్టి తప్పు పట్టను. ఆ కోవలోని వాళ్ళు అరకు ఊసు ఎత్తకుండా అన్ని రాత్రులూ భీమిలిలోనే ఉండొచ్చు.

మిగతావాళ్ళం భీమిలిలో గది తీసుకునేది తెల్లవారుజాము కోసం. ఇంటి నుంచి బయల్దేరి సూర్యోదయానికి అందుకోవాలంటే నాలుగింటికి పిల్లల్ని లేపాలి, అది అయ్యే పని కాదు. అక్కడే పడుకుంటే నిద్రమొహాలతోనే ఇసుకలోకి దిగొచ్చు. పడవలు ఒడ్డుకి చేరుతుంటాయి, చేపల బుట్టల చుట్టూ బేరాలు మొదలవుతాయి. ఎనిమిదయ్యేసరికి ఎండ చురుక్కుమంటుంది, ఆదివారమైతే జనం కూడా మొదలవుతారు. ఆ రెండు గంటల కోసం ఒక రాత్రి అద్దె ఇవ్వొచ్చు. నాలుగు రాత్రుల అద్దె ఇవ్వక్కర్లేదు. ఒక జాగ్రత్త: మన తీరంలో అల లోపలికి లాగుతుంది. అలలు ప్రశాంతంగా కనిపించినా పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వొద్దు. ఈతకి కొలను ఉంది కదా.

డబ్బు దగ్గరికొస్తే, ఇలా మూడు, ఒకటిగా పంచుకోవడంలో ఇంకో లాభం కనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల లోపు గదుల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది. 7,500 దాటితే మాత్రం ఎప్పటిలాగే 18 శాతం. ఉదాహరణకి ఒక రిసార్ట్ బుధవారం 7,200 అని, అదే గదికి శనివారం 8,000 అని చెప్పిందనుకోండి. చూడ్డానికి తేడా 800. పన్నుతో కలిపితే మొదటిది 7,560, రెండోది 9,440. అంటే ఒక్క రాత్రికి 1,880 తేడా. కొండ మీద పర్యాటక సంస్థ వారి హరిత కాటేజీలో, ఓ మోస్తరు ప్రైవేటు రిసార్ట్‌లో మూడు రాత్రులుండి, సముద్రం ఎదురుగా ఖరీదైన గది ఒక్క రాత్రికే తీసుకుంటే ఆ 18 శాతం దెబ్బ ఒక్కసారే తగులుతుంది. దాన్ని కూడా వారం మధ్యలో పడేలా చూసుకుంటే తగ్గొచ్చు. సగం సగం పంచితే ఖరీదైన రాత్రులు రెండవుతాయి, భీమిలిలో రెండో రోజు సగానికే చేసే పని అయిపోతుంది.

రెండు ఖరీదైన చోట్లు ఎంచుకోవడంలో నాకు అర్థం కనిపించదు. అరకులో పగలంతా బయటే ఉంటాం, గదిలో పడుకోవడమే. అక్కడ నీళ్ళు వేడిగా, దుప్పట్లు మందంగా ఉంటే చాలు. భీమిలిలో మాత్రం గదే విహారం, అందుకని కిటికీకి, కొలనుకి డబ్బు పెట్టాలి.

ఏది ముందు? మా ఆడపడుచు సముద్రం ముందు అంటుంది, దగ్గరిది ముందు చూసి దూరం వెళ్ళాలని ఆవిడ లెక్క. మే నెలలో అయితే ఆవిడ మాటే సరి, భీమిలి ఉక్క ముందు అనుభవించి చల్లని కొండకి పోవడం హాయి. మిగతా కాలాల్లో నేను కొండనే ముందు పెడతాను. బయల్దేరిన రోజు డ్రైవరుకి ఓపిక ఉంటుంది, ఘాట్ ఎక్కడం అప్పుడే మంచిది. పొగమంచు పడే రోజుల్లో అయితే వెలుతురుండగానే ఎక్కేయాలి. ఉప్పునీటి బట్టలు, ఇసుక పట్టిన చెప్పులు ఆఖరి రోజు మూటలోకి వెళ్తాయి కాబట్టి మధ్యలో ఉతుకులు ఉండవు. అన్నిటికీ మించి, చివరి రోజు ప్రయాణం గంట లోపు. మధ్యాహ్నం దాకా సముద్రం దగ్గరే ఉండి సాయంత్రానికి ఇంట్లో పడొచ్చు, మర్నాడు పిల్లలు బడికి వెళ్ళగలరు.

పిల్లలకి ఈ దారిలో చెప్పడానికి మంచి సంగతి ఒకటుంది. బొర్రా గుహల దగ్గర కనిపించే గోస్తనీ నదే కిందికి దిగి, గంట్యాడ మండలంలో తాటిపూడి జలాశయంలో ఆగి, అక్కడి నుంచి కదిలి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మారే రోజు భోజనానికి తాటిపూడి దగ్గర ఆగితే ఆ నాలుగు గంటల ప్రయాణం శిక్షలా ఉండదు. మా పిల్లలు "ఇది మన బొర్రా నీళ్ళేనా?" అని అడగడం మొదలెట్టాక కారులో గొడవ తగ్గింది.

ఎప్పుడు వెళ్ళాలన్నది మన జిల్లాలో పంచాంగం చూసి తేల్చాల్సిన విషయం. దసరా సెలవులు ఉన్నాయి కదా అని వెంటనే బుక్ చేస్తే కుదరదు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. చుట్టాలు మన ఇంటికే వస్తారు, మనం ఊరొదిలి పోతే మాట పడాలి. పైగా అక్టోబరు అంటే 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు వచ్చిన నెల. తుపాను హెచ్చరిక వస్తే అటు ఘాట్, ఇటు తీరం రెండూ మూతే. రెండు బుకింగులు ఉన్నాయంటే రెండు రద్దు నిబంధనలు ఉన్నాయని కూడా అర్థం. ఆ నెలలోనే వెళ్ళక తప్పకపోతే డబ్బు వాపసు వచ్చే గదులే తీసుకోండి, నాలుగైదు వందలు ఎక్కువైనా. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా అరకు కిక్కిరిసి ఉంటుంది. ఆ రోజుల్లో కొండ మీద గదికి చెప్పే ధర విని భీమిలి చవక అనిపిస్తుంది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో సెలవు పెట్టగలిగితే అంతకు మించింది లేదు.

కారు లేకపోతే మాత్రం ఈ పంపకం పెట్టుకోకండి. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలు విజయనగరం రాదు. కొత్తవలసలోనో ఎస్.కోటలోనో పొద్దున్నే పట్టుకోవాలి. సొరంగాల్లోంచి ఎక్కే ఆ దారి అందం వేరే, దానికోసం ఒకసారి రైల్లోనే వెళ్ళాలి. కానీ అరకులో దిగి మూడు రాత్రులుండి, బస్సులు మారుతూ, పెట్టెలు మోస్తూ, ముసలివాళ్ళతో భీమిలి చేరడం నరకం. రైలైతే అరకు ఒక్కటే. భీమిలికి ఇంకో శనివారం ఆటోలోనైనా పోవచ్చు.

కొందరు అనంతగిరిలో ఒక రాత్రి, అరకులో రెండు అని కొండ మీదే రెండుగా పంచుకుంటారు. బొర్రా దగ్గరవుతుందన్నది వాళ్ళ వాదన. నిజమే, అరకు నుంచి బొర్రా దాదాపు 35 కిలోమీటర్లు. కానీ ఎలాగూ ఆ దారినే దిగుతాం కాబట్టి బొర్రాని తిరుగు ప్రయాణం రోజుకి పెట్టుకోవచ్చు. అదే చలి, అదే కాఫీ చెట్లు, అదే మెనూ. దానికోసం పెట్టెలు రెండుసార్లు సర్దడం దండగ. ఋషికొండలో ఒకటి, భీమిలిలో ఒకటి అనేవాళ్ళకి కూడా ఇదే నా జవాబు.

శ్రీకాకుళం వాళ్ళకి లెక్క కొంచెం వేరు. కళింగపట్నంలో వంశధార కలిసే చోట వాళ్ళకి సొంత సముద్రం ఉంది, సూర్యోదయం కోసం భీమిలి దాకా రానక్కర్లేదు. వాళ్ళు అరకు మీదే మూడు రాత్రులు పెట్టి, నాలుగో రాత్రి ఇంటి మంచం మీద పడుకోవడం మేలు. పిల్లలు ఈత కొలను కావాలని పట్టుబడితే మాత్రం, దిగొచ్చేటప్పుడు భీమిలిలో ఒక రాత్రి ఆగి, మర్నాడు తగరపువలస దగ్గర హైవే ఎక్కి పోవచ్చు.

బుక్ చేసే ముందు ఫోన్ చేసి అడగాల్సినవి కొన్ని. కొండ మీద అయితే వేడినీళ్ళు రోజంతా వస్తాయా, పొద్దున్న రెండు గంటలేనా? ఒకచోట "ట్వంటీఫోర్ అవర్స్ సార్" అని చెప్పి, సాయంత్రం ఆరింటికి గీజరు స్విచ్ రిసెప్షన్లో ఉందన్నారు. కాటేజీకి ఎన్ని మెట్లు? కారు గుమ్మం దాకా వస్తుందా? భీమిలిలో అయితే కొలను ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, పిల్లలకి లోతు తక్కువ భాగం ఉందా, ఈత దుస్తులు తప్పనిసరా? చెప్పిన ధర పన్నుతో కలిపా, విడిగానా? చివరి రోజు గది ఖాళీ చేశాక ఇసుక కడుక్కోవడానికి ఒక బాత్రూం ఇస్తారా? ఇస్తామంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకోండి.