ఎకో వాడాలా, ప్రింట్‌ఎఫ్ వాడాలా?

స్క్రిప్టు ఏ షెల్‌లో (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌లో) నడిపినా ఒకేలా పనిచేయాలంటే నేను ముందు చూసేది తెరమీద అచ్చేసే ఈ రెండు కమాండ్లనే.

ఎకో రాయడం తేలిక, చేతికి అలవాటు. మామూలు సందేశాలకు దానితో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా హైఫన్ దగ్గర, బ్యాక్‌స్లాష్ దగ్గర. 'ఎకో -ఇ' అంటే బాష్ అనే షెల్ ఆ '-ఇ'ని ఆప్షన్‌గా తీసుకుంటుంది. డాష్ అనే మరో షెల్ ఆ '-ఇ'ని కూడా తెరమీద అచ్చేస్తుంది. వేరియబుల్‌లో (విలువను దాచుకునే పేరులో) కొత్త లైనుకు గుర్తయిన '\ఎన్' ఉంటే డాష్ కొత్త లైను వేస్తుంది, బాష్ మామూలుగా ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఉబుంటు లినక్స్‌లో 2006 నుంచి '/బిన్/ఎస్‌హెచ్', అంటే సిస్టమ్ మామూలు షెల్, డాషే. అందుకే బాష్‌లో సరిగ్గా నడిచింది అక్కడ తేడా కొడుతుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలు చెప్పే పోసిక్స్ ప్రమాణం కూడా ఈ రెండు సందర్భాల్లో నిర్ణయాన్ని షెల్‌కే వదిలేసింది, కాబట్టి తప్పు ఎవరిదనీ అనలేం.

ప్రింట్‌ఎఫ్‌లో ఫార్మాట్ వేరు, డేటా వేరు. '%ఎస్\ఎన్' అని కోట్స్‌లో పెట్టి (%ఎస్ అంటే డేటా వచ్చే చోటు), తర్వాత వేరియబుల్‌ని డబుల్ కోట్స్‌లో ఇస్తే అందులో ఏమున్నా అలాగే వస్తుంది. లైను చివర '\ఎన్' మనమే పెట్టుకోవాలి. వేరియబుల్‌ని ఫార్మాట్ స్థానంలో మాత్రం ఎప్పుడూ పెట్టకండి. అందులో % గుర్తు ఉంటే అవుట్‌పుట్ చెడిపోతుంది.

నా ఓటు ప్రింట్‌ఎఫ్‌కే. పాత స్క్రిప్టులన్నీ తిరగరాయక్కర్లేదు, వేరియబుల్‌ని అచ్చేసే ఎకోలను మార్చితే చాలు.