ఫోమ్ రోలరా, మసాజ్ గన్నా?

పట్టేసిన కండరాలను సడలించడానికే రెండూ. రోలర్ అంటే ఫోమ్‌తో చేసిన గుండ్రటి దిమ్మ, ఒళ్లు దాని మీద ఆనించి దొర్లించాలి. గన్ అంటే కండరం మీద టకటకా కొట్టే చార్జింగ్ పరికరం.

ఖర్చులో పోటీయే లేదు. రోలర్ చవక, చార్జింగ్ గొడవ ఉండదు. గన్ ఖరీదు దానికి చాలా రెట్లు.

శ్రమ మాత్రం రోలర్‌తోనే ఎక్కువ. తొడను దాని మీద ఆనించి, మోచేతులపై ఒళ్లు మోస్తూ ముందుకీ వెనక్కీ జరగాలి. నొప్పి తగిలిన చోట 30 సెకన్లు ఆగాలి. పళ్లు బిగుసుకునేది అక్కడే! గన్‌ని కూర్చునే పిక్కల మీద పెట్టుకోవచ్చు. వీపు మధ్యకు చెయ్యి అందదు, అదే చిక్కు.

రిస్క్ గన్‌దే ఎక్కువ: మెడ ముందువైపు, ఎముకల మీద పెట్టకూడదు.

దేనితోనైనా ఉపశమనం కాసేపే.

తొడలు, వీపు పట్టేస్తుంటే రోలర్. భుజం దగ్గర ఒక్కచోటే పట్టేస్తూ, డబ్బుకు ఇబ్బంది లేకపోతే గన్. వాపో గాయమో ఉంటే రెండూ వద్దు, డాక్టర్‌కు చూపించుకోండి.