ప్యాకెట్ మీద పింక్ బ్రాండీవైన్, కుండీలో ఇంకేదో: హెయిర్‌లూమ్ టమాటా విత్తనాల సెట్ రివ్యూ

మిద్దె తోట కోసం ఆన్‌లైన్‌లో నాలుగు రకాల హెయిర్‌లూమ్ (అంటే తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వస్తున్న పాత రకం) టమాటా విత్తనాల సెట్ తెప్పించా. పింక్ బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్, గ్రీన్ జీబ్రా, శాన్ మర్జానో. కంపెనీ పేరు వద్దులెండి, ఇలాంటి సెట్లు ఇప్పుడు బోలెడు దొరుకుతున్నాయి, కొనేవాళ్ళకి పనికొచ్చేది చెప్తా.

మొలక విషయంలో వంక పెట్టడానికేం లేదు, దాదాపు అన్నీ లేచాయి. కానీ ప్యాకెట్ మీద "ఏడాది పొడవునా వేసుకోవచ్చు" అని రాశారు చూడండి, అది మన హైదరాబాద్‌కి అస్సలు కుదరదు. రాత్రిపూట కూడా వేడి తగ్గని రోజుల్లో టమాటా పూత పూసి రాలిపోతుంది, పిందె నిలవదు. ఆగస్టు, సెప్టెంబరులో నారు పోసుకుంటే చలికాలంలో కాపు అందుతుంది.

ఇక అసలు గొడవ బ్రాండీవైన్‌తో. పింక్ బ్రాండీవైన్‌ని కాయ దాకా ఆగకుండా నారులోనే పట్టేయొచ్చు, దాని ఆకు బంగాళాదుంప ఆకులా వెడల్పుగా, అంచులు రంపపు పళ్ళు లేకుండా నున్నగా ఉంటుంది. నాకు వచ్చిన మొక్కలన్నిటికీ మామూలు టమాటా ఆకే. ఒక మొక్క తేడాగా వస్తే ఏ తేనెటీగో పుప్పొడి మార్చిందనుకోవచ్చు, అన్నీ అలాగే వచ్చాయంటే ప్యాకింగ్‌లోనే వేరే విత్తనం పడిందన్నమాట. ఎర్ర బ్రాండీవైన్ అని ఇంకోటి ఉంది, దానికి మామూలు ఆకే ఉంటుంది, కానీ నా ప్యాకెట్ మీద స్పష్టంగా పింక్ అని ఉంది. ఫొటోలు పంపితే "వాతావరణాన్ని బట్టి ఆకు మారుతుంది మేడం" అని జవాబిచ్చారు! ఎండకి ఆకు ముడుచుకుంటుంది, పాలిపోతుంది, అంతేగానీ రంపం అంచు నున్నగా అయిపోదు కదా.

సరేలే అని పెంచా. కాయలు గుండ్రంగా, గట్టిగా, అచ్చం మార్కెట్ కాయల్లా వచ్చాయి. పండుని వేడినీళ్ళలో ముంచి తోలు ఒలిచి వెలుతురుకి పట్టి చూశా. గులాబీ రంగు టమాటాకి తోలులో రంగుండదు, గాజు కాగితంలా ఉంటుంది. ఎర్ర టమాటాకి తోలు పసుపు. లోపలి కండ రెండిట్లోనూ ఎరుపే, బయటికి కనిపించే తేడా అంతా తోలుదే. నా దాంట్లో తోలు పసుపుగా వచ్చింది, ఇక అనుమానం ఏముంది.

చెరోకీ పర్పుల్ మాత్రం అసలు సరుకే. తొడిమ దగ్గర ఆకుపచ్చ భుజాలు, కోస్తే మట్టి ఎరుపు, గింజల చుట్టూ గుజ్జు పచ్చగా. పండినా పత్రహరితం పూర్తిగా పోకపోవడం వల్లే ఆ మసక రంగు. 1990లో అమెరికాలోని టెన్నెసీ నుంచి పోస్టులో వచ్చిన విత్తనాలకి క్రెయిగ్ లెహూలియర్ అనే టమాటా రకాల సేకర్త పెట్టిన పేరు ఇది. రుచి గురించి ఒక్క మాట, దీన్ని పప్పులో వేసి పాడు చేయకండి, ఉప్పు చల్లుకుని పచ్చిగా తినండి.

గ్రీన్ జీబ్రాని హెయిర్‌లూమ్ అని అమ్మడం కాస్త అతి. టామ్ వాగ్నర్ అనే అమెరికన్ బ్రీడర్ తయారుచేసి 1983లో బయటికి తెచ్చిన రకం అది, తాతల నాటిదేం కాదు. అయినా విత్తనం తీసి దాచుకుంటే అదే రకం వస్తుంది కాబట్టి నాకు అభ్యంతరం లేదు. చారల మధ్య లేత భాగం పసుపు తిరిగి, నొక్కితే కాస్త మెత్తగా తగిలితే పండినట్టు. పులుపు ఎక్కువ, రోటి పచ్చడికి భలే కుదిరింది.

శాన్ మర్జానో పొడుగు కాయ, రసం తక్కువ, నిల్వ పచ్చడికి మంచిది. నీళ్ళు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ అయితే మాత్రం కాయ అడుగున నల్లగా కుళ్ళుతుంది.

ఐదుకి రెండున్నర ఇస్తున్నా. ప్యాకెట్ల మీద ప్యాకింగ్ తేదీ కూడా లేదు. వాపసు గడువు మొలక ఆకుల తర్వాత వచ్చే అసలాకు కనిపించేలోపే అయిపోతుంది, కాబట్టి పేరున్న రకం కోసమే కొనేవాళ్ళు ముందే గడువు అడిగి కొనండి. రంగురంగుల కాయలు అక్కర్లేదు, విత్తనం దాచుకునే మంచి టమాటా చాలు అనుకుంటే బెంగళూరు ఐఐహెచ్ఆర్ (భారత ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్ళ ఆర్క వికాస్ వేసుకోండి, నీటి ఎద్దడికి కూడా తట్టుకుంటుంది. ఆర్క రక్షక్ జోలికి వెళ్ళకండి, రోగాలకి తట్టుకుంటుంది గానీ అది ఎఫ్1 హైబ్రిడ్, అంటే రెండు రకాలు కలిపి చేసిన మొదటి తరం సంకరం, దాని విత్తనం దాచి వేస్తే అదే రకం రాదు కాబట్టి లాభం లేదు. ఈ సెట్ మళ్ళీ కొనను, చెరోకీ విత్తనాలు తీసి ఆరబెట్టేశా.