షియాన్‌లో ఒక రోజు: మట్టి సైనికులు, హుయాన్ త్సాంగ్ పగోడా, ముస్లిం వీధి భోజనం

చైనాకు కుటుంబంతో వెళ్లే మనవారు ఎక్కువగా బీజింగ్, షాంఘై నగరాలతో సరిపెట్టుకుంటారు. పిల్లలనూ పెద్దవారినీ వెంటబెట్టుకుని, చూడవలసినదీ తినవలసినదీ ఒకే రోజులో తృప్తిగా పూర్తిచేయగల ఊరు ఏదని అడిగితే నేను మాత్రం షాన్‌షీ ప్రావిన్సు రాజధాని షియాన్ పేరే చెబుతాను. అయితే ఆ రోజు సాఫీగా గడవాలంటే వెళ్లే చోట్లను తగ్గించుకోవాలి. ప్యాకేజీల్లో తరచుగా కలిపే హువాచింగ్ వేడినీటి బుగ్గల ప్రాసాదాన్నీ రాత్రి నృత్య ప్రదర్శనలనూ నిస్సంకోచంగా వదిలివేయవచ్చు. ఉదయం మట్టి సైనికుల మ్యూజియం, మధ్యాహ్నం పెద్ద అడవిబాతు పగోడా, సాయంత్రం నుంచి ముస్లిం వీధి అన్న క్రమంలో మేము తిరిగాము. ఆ అనుభవాన్ని ఆధారం చేసుకునే ఈ సమీక్ష రాస్తున్నాను.

మ్యూజియం నగరానికి తూర్పున, లింతుంగ్ ప్రాంతంలో ఉంది. టికెట్టు 120 యువాన్లు. పాస్‌పోర్టు నంబర్లతో ముందుగానే తీసుకోవాలి, లోపలికి వెళ్లేటప్పుడు అసలు పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. 1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు మట్టి బొమ్మల ముక్కలు తగలడంతో బయటపడిన ఈ సైన్యం, క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసి క్రీ.పూ. 210లో మరణించిన చక్రవర్తి చిన్ షీ హువాంగ్ సమాధికి కావలిగా పాతిపెట్టినది. ఈ సమాధి ప్రాంతాన్ని యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బొమ్మలు బయటపడిన మూడు గుంటల్లో సందర్శకులు సాధారణంగా మొదటిదానికే పరుగెత్తుతారు. పిల్లలతో వెళ్లేవారు మూడో గుంటతో ప్రారంభించి, రెండోది చూసి, చివరకు మొదటిదానికి రావడం మేలని నా అభిప్రాయం. మూడోది చిన్నది, సేనాధిపతుల స్థావరంగా భావిస్తున్న ఆ చోట ఒక్కో బొమ్మనూ నిదానంగా చూడవచ్చు. రెండో గుంట దగ్గర అద్దాల పెట్టెలో మోకాలిపై కూర్చున్న విలుకాడిని ఉంచారు. అతని వెనుకకు వెళ్లి చూస్తే చెప్పు అడుగున వేసిన కుట్లు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. రెండు వేల రెండు వందల సంవత్సరాల కిందటి కుమ్మరి, ఎవరూ చూడరని తెలిసిన చోట కూడా అంత శ్రద్ధ పెట్టాడన్న సంగతి మా పిల్లలకు ఏ వివరణా లేకుండానే అర్థమైంది. ఇదంతా చూశాక సుమారు 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు ఉన్న మొదటి గుంటలోకి అడుగుపెడితే, వరుసలు తీరిన ఆ సైన్యంలో ప్రతి ముఖమూ వేరుగా ఉందని గుర్తించగలిగే చూపు అప్పటికే అలవడి ఉంటుంది. ఆ గుంట వెనుక భాగంలో పగిలిన బొమ్మలను అతికించే పని జరిగే చోటును తప్పక చూడాలి, ఎందుకంటే దాదాపు అన్నీ ముక్కలుగానే దొరికాయి. ఒకప్పుడు వీటికి నిండుగా రంగులుండేవి. నేల నుంచి బయటకు తీసిన కొద్ది నిమిషాల్లోనే రంగు కింద పూసిన లక్క పొర ఎండి, ముడుచుకుని రాలిపోయేది. చక్రవర్తి సమాధి దిబ్బను ఇప్పటికీ తవ్వకపోవడానికి ఇటువంటి నష్టాల భయం ఒక ముఖ్య కారణం. అదే టికెట్టుతో ఆ దిబ్బ ఉన్న ఉద్యానంలోకి వెళ్లవచ్చు. అక్కడ 2021లో తెరిచిన ప్రత్యేక భవనంలో, అసలు కొలతల్లో సగం పరిమాణంలో పోతపోసిన కంచు రథాలు ఉన్నాయి. నడక ఎక్కువ కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని బ్యాటరీ బండి ఎక్కించడమే మంచిది.

రవాణా విషయంలో మాత్రం మేము తీసుకున్న సేవను సిఫారసు చేయలేను. కారుతోపాటు వచ్చిన గైడు మమ్మల్ని మ్యూజియం కంటే ముందు నమూనా బొమ్మలు అమ్మే దుకాణానికి తీసుకువెళ్లాడు. జనం తక్కువగా ఉండే విలువైన ఉదయపు సమయం అక్కడే కరిగిపోయింది. కారు మాట్లాడుకునేవారు దుకాణాల దగ్గర ఆపకూడదన్న షరతును ముందే రాతపూర్వకంగా పెట్టుకోవాలి. నడవగలిగిన కుటుంబానికైతే మెట్రో తొమ్మిదో లైనులో హువాచింగ్‌చీ స్టేషను వరకు వెళ్లి, అక్కడి నుంచి బస్సు ఎక్కడమే చవకైన మార్గం.

మధ్యాహ్నానికి నగర ప్రాకారమా, పగోడానా అన్న ప్రశ్న వస్తుంది. మింగ్ వంశపు కాలంలో కట్టిన ప్రాకారం దాదాపు 14 కిలోమీటర్ల చుట్టుకొలతతో, పైన సైకిళ్లు తొక్కేంత వెడల్పుతో, నిజంగా చూడదగినది. యువకులు దాన్నే ఎంచుకోవచ్చు. తెలుగువారికి మాత్రం నేను పగోడానే సూచిస్తాను. క్రీ.శ. 652లో, హుయాన్ త్సాంగ్ భారతదేశం నుంచి తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి కట్టిన గోపురమిది. ఆ యాత్రికుడు ఏడో శతాబ్దంలో మన వేంగి ప్రాంతాన్ని చూశాడు. అమరావతి దగ్గరి ధాన్యకటకంలో కొన్ని నెలలు ఆగి ఇద్దరు భిక్షువుల వద్ద మహాసాంఘికుల అభిధర్మాన్ని చదువుకున్నాడు. 645లో ఈ నగరానికి తిరిగివచ్చి, మిగిలిన జీవితాన్ని ఎక్కువగా అనువాదాలకే అంకితం చేశాడు. పాఠ్యపుస్తకంలో ఒక పేరుగా మాత్రమే తెలిసిన మనిషి, కృష్ణాతీరంలో కూర్చుని చదువుకున్న మనిషి, ఇక్కడ ఈ ఆవరణలో పనిచేశాడని మా నాన్నగారు మనుమలకు చెబుతుంటే, ఆ గంటసేపటికి అంతకంటే మంచి వినియోగం మరొకటి లేదనిపించింది.

ఇక భోజనం. గంట గోపురానికీ డప్పు గోపురానికీ సమీపంలో మొదలయ్యే ముస్లిం వీధి, హుయ్ ముస్లింలు తరతరాలుగా నివసిస్తున్న పేట. ప్రధాన వీధిలో జనసమ్మర్దం, పొగ, అమ్మకందార్ల కేకలు ఎక్కువ. తినడానికి పక్క సందుల్లోని దుకాణాలే నయం. అక్కడ మేము మొదట తిన్నది యాంగ్‌రౌ పావ్‌మో, అంటే రొట్టె ముక్కలు వేసి వండిన గొర్రెమాంసపు పులుసు. గట్టిగా కాల్చిన గుండ్రటి రొట్టెనూ ఖాళీ గిన్నెనూ ముందు పెడతారు. రొట్టెను సోయా గింజంత చిన్న ముక్కలుగా మనమే తుంచి ఇస్తే, వంటవాడు వాటిని మాంసపు పులుసులో ఉడికించి, సన్నని పారదర్శకమైన సేమియాతో, పైన మాంసపు తునకలతో తిరిగి పంపుతాడు. ముక్కలు పెద్దవైతే లోపలికి రసం పట్టదు. కాబట్టి ఆకలితో ఉన్నా తొందరపడకూడదు. కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ రొట్టె తుంచుకునే ఆ వ్యవధి ఈ వంటకానికి ప్రాణమని నా నమ్మకం. పక్కన ఇచ్చే తీపి ఊరవెల్లుల్లినీ కారపు ముద్దనూ కొంచెం కొంచెంగా నంజుకోవాలి.

మా ఇంట్లో శాకాహారులకు నచ్చినవి రెండు. ఒకటి బ్యాంగ్‌బ్యాంగ్ నూడిల్స్: చేతితో సాగదీసిన వెడల్పాటి గోధుమ పట్టీల మీద ఎండుకారం, వెల్లుల్లి, ఉల్లికాడలు పెట్టి, మరిగే నూనెను కళ్లముందే చుర్రుమనిపిస్తూ పోస్తారు. మన పోపు వాసన తెలిసినవారికి దాన్ని పరిచయం చేయవలసిన పని లేదు. దీన్ని మాంసపు కూర కలపకుండా, నూనె కారంతో మాత్రమే ఇమ్మని చెప్పాలి. రెండోది ల్యాంగ్‌పీ అనే చల్లటి నూడిల్స్. నువ్వుల ముద్ద, వెనిగర్, కారపు నూనె, దోసకాయ తురుముతో అది మా అమ్మకు అన్నిటికంటే నచ్చింది. లింతుంగ్‌లో పండే పెర్సిమన్ గుజ్జును పిండితో కలిపి, లోపల తీపి కూరి నూనెలో వేయించే అప్పాలు వేడిగా ఉన్నప్పుడే బాగుంటాయి, చల్లారితే జిగటగా మారతాయి.

ఈ పేటలో పంది మాంసం ఉండదు కానీ గొడ్డుమాంసం విరివిగా ఉంటుంది. రొట్టెలో మాంసం కూరి ఇచ్చే రౌజ్యామో కూడా ఇక్కడ సాధారణంగా దానితోనే చేస్తారు. తిననివారు ‘న్యూ రౌ’ వద్దని, గొర్రెమాంసం కావాలంటే ‘యాంగ్ రౌ’ అని స్పష్టంగా చెప్పాలి. ఖచ్చితమైన శాకాహార నియమం ఉన్నవారు చైనా లిపిలో రాసిన చీటీని ఫోనులో ఉంచుకోవడం తప్పనిసరి. చిన్న దుకాణాల్లో ఎక్కువమంది ఫోను ద్వారానే డబ్బు చెల్లిస్తారు కనుక, బయలుదేరే ముందే మన అంతర్జాతీయ కార్డును అలీపే అనే చెల్లింపుల యాప్‌కు జతచేసుకోవాలి. నగదు కొంత వెంట ఉండాలి. మే మొదటి రోజులూ అక్టోబరు మొదటి వారమూ చైనాలో జాతీయ సెలవులు. ఆ రోజుల్లో పెద్దవారితో ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. ఏప్రిల్ లేదా అక్టోబరు చివరి వారాలైతే ఎండా చలీ రెండూ ఓర్చుకోదగినంతగానే ఉంటాయి.