టర్బో ఇంజిన్ ఎక్కిస్తే రాడ్లు, పిస్టన్లు మార్చాల్నా, కంపెనీవే ఉంచాల్నా? ఏది మేలు?

బండికి ఇంజిన్ మార్చినానని తెలిసినప్పట్నుంచి ఒకటే ప్రశ్న, "అన్నా, లోపల ఫోర్జ్‌డ్ (కాల్చి అదిమి చేసిన గట్టి రాడ్లు, పిస్టన్లు) ఏసినావా లేదా?" అని. కడపలో కనపడినోళ్లందరికీ నోటితో చెప్తానే ఉండా, ఈసారి రాసి పెడ్తాండా. మాది పాత స్కోడా ఆక్టేవియా, దాంట్లోకి దాని స్పోర్ట్స్ మోడల్ ఆర్‌ఎస్‌లో వచ్చిన 1.8 లీటర్ల 20 వాల్వుల టర్బో ఎక్కించినాం, కంపెనీ లెక్కన 150 హార్స్‌పవర్. లోపలి సామాను ముట్టుకోలేదు.

అందరూ హార్స్‌పవర్ ఎంతని అడుగుతారు గానీ పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్డును వంచేది టార్కు (ఇంజిన్ తిప్పే బలం), అది కూడా తక్కువ ఆర్‌పీఎంలో ఒక్కసారిగా వచ్చి పడే టార్కు. 2500 దగ్గరే బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) మొత్తం ఎక్కిందంటే పిస్టన్ నెత్తిన పడే ఒత్తిడంతా ఆ సన్న రాడ్డే మోయాల, అదే పవర్ పైన 5500 దగ్గర వస్తే దానికంత కష్టం ఉండదు. ఎక్కువ ఆర్‌పీఎంది ఇంకో రకం బాధ, రాడ్డును సాగదీస్తాది, బోల్టుల మీద పడ్తాది, 6000 నుంచి 7200కు పోతే ఆర్‌పీఎం పెరిగేది 20 శాతమే గానీ ఆ లాగుడు 44 శాతం పెరుగుతాది. ఇంక పిస్టన్‌ను పగలగొట్టేది ఎక్కువగా నాకింగే, అంటే సిలిండర్‌లో మిగిలిన పెట్రోల్, గాలి మిశ్రమం తనంతట తానే పేలడం. ఈ ఇంజిన్‌కు బలహీనత రాడ్లే, పెద్ద టర్బో పెట్టి సుమారు 400 ఎన్‌ఎమ్ దాటిస్తే వంగుతాయని దీంతో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. చిన్న టర్బోతో, మామూలు రీమ్యాప్‌తో (ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చడంతో) అంత దూరం పోనే పోము.

నా మటుకు అసలు తేల్చేది మన ఎండ. మే నెలలో మధ్యాహ్నం గువ్వలచెరువు ఘాట్ ఎక్కి చూడండి, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చిన్నదైతే లోపలికి పోయే గాలే కాలిపోతా ఉంటాది, అప్పుడు నాకింగ్ మొదలైతే ఫోర్జ్‌డ్ పిస్టన్ అయినా కాస్త ఎక్కువసేపు తట్టుకుంటాది అంతే, తప్పు ట్యూనింగ్‌ను అది సరిచేయదు కదా. దాని తోడు ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోల్, నాకింగ్‌కు ఇథనాల్ మంచిదే, కానీ అదే పనికి పెట్రోల్ సుమారు 7 శాతం ఎక్కువ పోయాల, పాత ఈసీయూకి (ఇంజిన్ కంప్యూటర్‌కి) ఈ లెక్క తెలీదు, ఫుల్ థ్రాటిల్‌లో లీన్ అయిపోతాది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ పడదు. అందుకే నా డబ్బులు పెద్ద ఇంటర్‌కూలర్‌కి, కొత్త ఫ్యూయల్ పంపుకి, గాలి, పెట్రోల్ పాళ్లు చూపించే వైడ్‌బ్యాండ్ మీటర్‌కి, బండి నడుస్తాంటే కొలతలు రికార్డు చేసి ట్యూన్ చేసేవాళ్లకి పోయినాయి. బూస్ట్ 0.8 బార్ దగ్గర ఆపినాం, తక్కువ ఆర్‌పీఎంలో ఇంకా తక్కువే.

ఫోర్జ్‌డ్ సెట్ వద్దని కాదు. 300 హార్స్‌పవర్ కావాలంటే వేరే దారి లేదు. కానీ పిస్టన్లలో సిలికాన్ తక్కువుండే 2618 రకం అల్యూమినియం వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాది, అందుకే బోరులో సందు ఎక్కువ వదలాల, పొద్దున్నే స్టార్ట్ చేస్తే టకటకమని కొడ్తాది. రోజూ ఆఫీసుకు పోయే బండికైతే 4032 రకం నయం. రింగ్ గ్యాపు కూడా బూస్ట్‌కు తగ్గట్టు పెట్టాల, తక్కువైతే వేడికి రింగు కొసలు రెండూ తగులుకుని ల్యాండ్ (పిస్టన్‌పై రింగుల మధ్య గట్టు) ఇరుగుతాది. మన లేత్ వాళ్లు లారీ, ట్రాక్టర్ బోర్లలో చేయి తిరిగినోళ్లే, ఈ కొలతలు మాత్రం పిస్టన్‌తో వచ్చే కాగితం చూపించి, మీరు పక్కనే నిలబడి చేయించుకోండి.

రాడ్లు మాత్రమే మార్చడం మధ్య దారి, ఇంజిన్ ఎట్లాగూ విప్పి ఉంటే నేనైనా అదే చేసేవాణ్ని. మందం హెడ్ గాస్కెట్ ఏసి కంప్రెషన్ తగ్గించేది నాకు నచ్చదు. టర్బో లేని ఇంజిన్‌కు టర్బో తగిలించేది వేరే కథ, ఇక్కడ వద్దు.

ఏ దారైనా ఆర్‌టీఓ అనుమతి ముందే తీసుకోండి, ఆర్‌సీలో ఇంజిన్ నంబర్ మారాల.

ఇంజిన్ కొనేముందే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలిచేది), లీక్‌డౌన్ (గాలి ఎంత కారుతాందో చూసేది) రెండూ చేయించండి. నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే విప్పొద్దు, మాది అట్లే ఉన్నింది. ఒక్కటి బాగా తక్కువ చూపిస్తే ఎట్లాగూ విప్పాల్సిందే, అప్పుడు రాడ్లకు ఆర్డర్ పెట్టుకోండి.