తల, మెడ క్యాన్సర్ రేడియేషన్: పెట్ సీటీనా, డిఫ్యూజన్ ఎంఆర్ఐనా, హైపాక్సియా పెట్టా?

తల, మెడ క్యాన్సర్‌ను ఆపరేషన్ లేకుండా రేడియేషన్‌తోనే తగ్గించాలంటే మామూలు లెక్క 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత): రోజుకు 2 గ్రే చొప్పున 35 సిట్టింగులు, ఏడు వారాలు. గడ్డ మొండిదైనా, త్వరగా కరిగేదైనా ఇదే లెక్క. మనిషిని బట్టి దీన్ని మార్చాలంటే గడ్డ ఆకారం తెలిస్తే చాలదు, లోపల ఏం జరుగుతోందో తెలియాలి. దానికి మూడు స్కాన్‌లున్నాయి. ఏది మేలని అడిగే ముందు, ఏ వారంలో తీస్తున్నామో చూసుకోవాలి. జవాబు దాన్ని బట్టే మారిపోతుంది.

చికిత్స మొదలవక ముందైతే ఎఫ్‌డీజీ పెట్ సీటీకే మా ఓటు. ఇందులో చక్కెరలాంటి మందు ఎక్కిస్తారు, దాన్ని ఎక్కువగా పీల్చుకునే చోటు స్కాన్‌లో వెలుగుతుంది. మామూలు సీటీలో సందేహంగా కనిపించే మెడ గ్రంథులు, ఊపిరితిత్తులకు పాకిన మచ్చలు, ఎక్కడ పుట్టిందో తెలియని గడ్డ ఇందులో బయటపడతాయి. అయితే స్కాన్ తీసే పద్ధతి సరిగ్గా ఉండాలి. ఆరు గంటలు ఏమీ తినకూడదు. రక్తంలో చక్కెర 200 దాటకూడదు. మందు ఎక్కించాక గంటసేపు వెచ్చగా, మౌనంగా పడుకోవాలి. ఆ గంటలో ఫోన్ మాట్లాడితే స్వరపేటిక కండరాలు వెలుగుతాయి, ఏమైనా నమిలితే దవడ కండరాలు వెలుగుతాయి, చలి వేస్తే మెడలోని గోధుమ రంగు కొవ్వు (ఒంట్లో వేడి పుట్టించేది) వెలుగుతుంది. ఈ మూడింటినీ గడ్డగా పొరబడే ప్రమాదం ఉంది.

అంతకంటే ముఖ్యం, రేడియేషన్ ఇచ్చే భంగిమలోనే స్కాన్ తీయడం: బల్లపరుపు టేబుల్, అదే తల దిండు, అదే ప్లాస్టిక్ మాస్క్. గడ్డం పైకెత్తి తీసిన పాత పెట్‌ను ప్లానింగ్ సీటీ (రేడియేషన్ ఎక్కడ పడాలో గీసుకునే స్కాన్) మీద అతికిస్తే మెడ గ్రంథి కొన్ని మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అంచు గీయడం ఇంకో చిక్కు. గరిష్ఠ వెలుగులో 40 శాతం దగ్గర గీత గీస్తే ఒక పరిమాణం, 50 శాతం దగ్గర గీస్తే దానికంటే చిన్నది. పైపొరలో పలచగా పాకిన క్యాన్సర్ పెట్‌కు అందదు. నాలుక మీద వేలు పెట్టి చూడటం, ఎండోస్కోపీ చేయడం ఏ స్కాన్ వచ్చినా మానకూడదు.

మన దగ్గర గుట్కా, ఖైనీ వల్ల వచ్చే బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్లు, ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగేవారికి వచ్చే అంగిలి క్యాన్సర్ చాలావరకు ముందు ఆపరేషన్‌కే వెళ్తాయి. కోసిన చోట మానుతున్న కండ కూడా పెట్‌లో వెలుగుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు తీసిన పెట్ ఉంటే దాన్నే ప్లానింగ్ సీటీతో కలిపి చూడటం మంచిది. పెట్ కోసం వారాలు ఆగడం మాత్రం వద్దు. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి.

రేడియేషన్ మొదలైన మూడో వారానికి లెక్క తిరగబడుతుంది. అప్పటికి నోరు పూసి ఉంటుంది, వాచిన పొర అంతా పెట్‌లో మెరుస్తుంది. ఇక్కడ డిఫ్యూజన్ ఎంఆర్ఐ మేలు. కణాలు కిక్కిరిసిన చోట నీటి అణువులు కదల్లేవు, ఏడీసీ విలువ (నీటి కదలికకు కొలత) తక్కువగా ఉంటుంది. కణాలు చస్తున్న కొద్దీ అది పెరుగుతుంది, గడ్డ పరిమాణం తగ్గకముందే. ఉపవాసం అక్కర్లేదు, రేడియేషన్ లేదు, మళ్లీ మళ్లీ తీయొచ్చు. లోపమూ ఉంది: పళ్లలోని లోహం, గొంతులోని గాలి, మింగడం వల్ల బొమ్మ వంకరపోతుంది. లోపల కుళ్లి నీరు చేరిన గ్రంథిలో ఏడీసీ మొదటి నుంచే ఎక్కువగా ఉంటుంది, దాన్ని చూసి తగ్గుతోందనుకోకూడదు.

ఈ వారంలో ఏ స్కాన్ లేని చోట కూడా చేయాల్సిన పని ఒకటుంది. బరువు తగ్గి, మాస్క్‌కూ బుగ్గకూ మధ్య వేలు దూరేంత ఖాళీ వస్తే కొత్త మాస్క్, కొత్త సీటీ, కొత్త ప్లాన్ కావాలి. చెవి కింది లాలాజల గ్రంథి కుంచించుకుపోయి లోపలికి జరిగితే, సగటున 26 గ్రే లోపు ఉంచాలనుకున్న మోతాదు దాటిపోతుంది, నోరు శాశ్వతంగా ఎండిపోవచ్చు.

హైపాక్సియా (ఆక్సిజన్ అందకపోవడం) పెట్ ఆలోచన మూడింట్లోకీ గొప్పది. ఆక్సిజన్ అందని కణాన్ని చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. ఎఫ్‌మీసో మందు ఆ కణాలనే పట్టి చూపిస్తుంది. కానీ ఎక్కించాక రెండు నుంచి నాలుగు గంటలు ఆగాలి, అప్పటికీ వెలుగు మసకే, ఈరోజు వెలిగిన చోటు రేపు వెలగకపోవచ్చు. పరిశోధన జరిగే కేంద్రాల్లోనే దీనికి చోటు.

వెలిగిన చోట మోతాదు పెంచేద్దామా అంటే, తొందరపడొద్దు. యూరప్‌లో జరిగిన ఆర్ట్‌ఫోర్స్ ప్రయోగంలో పెట్ చూసి గడ్డలోనే 64 నుంచి 84 గ్రే వరకు పంచి ఇచ్చారు. గడ్డ అదుపులో స్పష్టమైన లాభం తేలలేదు. గొంతు పొర మీద అంత మోతాదు పడితే మానని పుండ్లు పడే భయం ఎలాగూ ఉంటుంది.

చికిత్స ముగిశాక మళ్లీ పెట్ సీటీదే పైచేయి. బ్రిటన్‌లో 564 మందితో జరిగిన పెట్-నెక్ ప్రయోగం 2016లో దీన్ని తేల్చింది: 12 వారాలకు పెట్ తీసి, అవసరమైన వారికే మెడ ఆపరేషన్ చేస్తే ఆయుష్షు తగ్గలేదు, ప్రతి అయిదుగురిలో నలుగురికి కత్తి పడలేదు. ఆత్రపడి ఆరో వారంలోనే తీస్తే మాత్రం మానుతున్న వాపే క్యాన్సర్‌లా వెలిగి, అక్కర్లేని బయాప్సీకి దారి తీస్తుంది.